మంచు మైదానాల మనస్సాక్షి

కెనడా ప్రెయిరీ మైదానాల్లో చలికాలం వస్తే ఫొటోగ్రాఫర్లకు పండగే. అదే నేల మీద, తమ ఫొటో తీయొద్దన్న ఓ మతస్థుల మొర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సరిహద్దుకు దక్షిణాన, ఓ జంటకు ఫొటోలు తీయనన్న స్టూడియో బోనెక్కింది. మతస్వేచ్ఛ ఎంతవరకు, సమానత్వ చట్టం ఎంతవరకు? ఈ ప్రశ్న మీద ఆ మంచు నేల నూరేళ్లకు పైగా తనతో తాను వాదించుకుంటోంది.

జనవరిలో సాస్కచెవాన్ రాష్ట్రంలోని సాస్కటూన్ నగరం పొలిమేర దాటితే భూమి, ఆకాశం తప్ప మూడోది కనిపించదు. గోధుమ, కనోలా, మైసూరు పప్పు పండిన చేలన్నీ మంచు కింద పడుకుని ఉంటాయి. కొండ లేదు, అడవి లేదు. మైలుకో రెండు మైళ్లకో ఒకటి చొప్పున తిన్నగా సాగే కంకర రోడ్లు, ముళ్లకంచెలు, ఎక్కడో దూరాన వాడకం లేని ఓ చెక్క కొట్టం. అంతే.

ఇక్కడ ఫొటో తీయడానికి ఏముందని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. ఉన్నది వెలుతురు. సాస్కటూన్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పద్నాలుగు, పదిహేను డిగ్రీల ఎత్తు మించడు. మన ఫొటోగ్రాఫర్లు తెల్లవారాక కాసేపే దొరికే ఏటవాలు బంగారు వెలుగు కోసం పరుగులు తీస్తారు. అక్కడ ఆకాశం తేటగా ఉంటే రోజంతా ఆ వెలుగే. ఒక్క కంచె గుంజ నీడ కూడా మంచు మీద బారలకొద్దీ సాగుతుంది.

చలి మైనస్ 25, 30 డిగ్రీలకు దిగితే గాలిలోని తేమే గడ్డకట్టి సన్నని పలుకులుగా మారి తేలుతూ మెరుస్తుంది. ఆరు పలకల ఆ మంచు రేకుల్లోంచి ఎండ వంగి వచ్చినప్పుడు సూర్యుడికి అటూ ఇటూ 22 డిగ్రీల దూరంలో మరో రెండు వెలుగు ముద్దలు కనిపిస్తాయి. సన్ డాగ్స్ అంటారు వాటిని. పొగమంచు పట్టిన రాత్రి తెల్లారితే ఇంకో వింత. ప్రతి గడ్డిపోచకూ, ప్రతి కంచె తీగకూ తెల్లని సూదులు మొలిచి ఉంటాయి. హోర్ ఫ్రాస్ట్ అనే ఈ అలంకారం చిన్న గాలి వీచినా, కాస్త ఎండ తగిలినా రాలిపోతుంది. అందుకే వెలుతురు రాకముందే కారు స్టార్ట్ చేసి రోడ్డెక్కుతారు ప్రెయిరీ ఫొటోగ్రాఫర్లు.

వేలు బయటపెడితే గండమే

ఆ చలిలో కెమెరా పట్టడం ఓ విద్య. బ్యాటరీ గంటలో సగమైపోతుంది. అందుకే ఇంకో రెండు బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఆనించి పెట్టుకుంటారు. చల్లారినదాన్ని లోపలికి, వెచ్చనిదాన్ని కెమెరాలోకి మారుస్తూ ఉంటారు. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి ఊపిరి వదిలారా, దాని మీద మంచు పొర కట్టేస్తుంది. ఊపిరి బిగబట్టి క్లిక్ చేసి, తల పక్కకు తిప్పి వదలాలి. లోహపు ట్రైపాడ్‌ను ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది. పల్చటి గ్లోవ్ మీద మందపాటి మిట్టెన్ వేసుకుని, బటన్ నొక్కాల్సిన ఆ రెండు క్షణాలే పై తొడుగు తీస్తారు.

కెమెరా మీటర్ మంచును నమ్మదు. ఎదురుగా ఉన్నదాన్నల్లా ఒక మోస్తరు బూడిద రంగుగా చూడటం దానికి అలవాటు. దాని లెక్కకు వదిలేస్తే తెల్లని చేను మురికి దుప్పటిలా వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచుకోవాలి. మరీ పెంచితే మంచు గరుకుతనం, గాలి చెక్కిన అలలు మాయమై ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. అసలు పరీక్ష ఇల్లు చేరాక. గడ్డకట్టిన కెమెరాను నేరుగా వెచ్చని గదిలోకి తెస్తే లెన్సు లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయటే జిప్ బ్యాగులో బిగించి లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చేదాకా గంటలపాటు ముట్టుకోకుండా ఉంచుతారు. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఉన్నవాళ్లు మెమరీ కార్డును ముందే తీసి జేబులో వేసుకుంటారు.

ఈ నేలను కెమెరాతో ధ్యానించినవాళ్లలో సాస్కటూన్‌లో పుట్టిన కోర్ట్నీ మిల్న్ (1943-2010) ముఖ్యుడు. ముందు ఈ మైదానాల వెలుగును తీశాడు. తర్వాత ప్రపంచమంతా తిరిగి వివిధ జాతులు పవిత్రంగా కొలిచే స్థలాలను తీశాడు. ఆయన తీసిన లక్షల చిత్రాలు ఇప్పుడు సాస్కచెవాన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ రెండు ప్రయాణాలూ ఒకే మనిషివి కావడంలో ఆశ్చర్యం లేదు. ప్రెయిరీలో ఏ దిక్కున కెమెరా పెట్టినా ఏదో ఒక విశ్వాసం ఫ్రేములోకి వస్తుంది.

గుమ్మటాలు, కాలనీలు, నిషేధాలు

మంచులో దూరం నుంచి మొదట కనిపించేది ధాన్యం నిల్వచేసే ఎలివేటరైతే, తర్వాతది ఉక్రెయిన్ చర్చి. ఉల్లిగడ్డ ఆకారంలో గుమ్మటం, పైన శిలువ. 1890ల నుంచి వచ్చిన ఉక్రెయిన్ రైతులు కట్టుకున్నవి అవి. 1874 నుంచి మెనొనైట్ క్రైస్తవులు మానిటోబాకు చేరారు. ఆయుధాలు తగలబెట్టి, యుద్ధం చేయబోమన్నందుకు జార్ ప్రభుత్వం చేతిలో బాధలు పడ్డ డుఖోబోర్లు 1899లో వచ్చారు. ఇక హటరైట్లది ఇంకా పొడవైన కథ. 1536లో ఇన్స్‌బ్రుక్‌లో సజీవంగా దహనమైన యాకబ్ హుటర్ పేరు మీద నిలిచిన క్రైస్తవ సమాజం అది. సొంత ఆస్తి ఉండదు, అందరిదీ ఒకే వంటశాల, ఆయుధం పట్టరు. మొరేవియా నుంచి హంగరీ, అక్కడి నుంచి రష్యా సామ్రాజ్యం, 1870ల్లో అమెరికాలోని డకోటా. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక దుస్తులు వేసుకోబోమన్న హటరైట్ యువకులను అమెరికా జైల్లో పెట్టింది. వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు లెవెన్‌వర్త్ సైనిక జైల్లో ప్రాణాలు వదిలారు. ఆ వేధింపుల నడుమే, 1918లో, సమాజంలో చాలామంది సరిహద్దు దాటి కెనడా ప్రెయిరీకి వచ్చారు.

వచ్చినవాళ్లందరికీ ఈ నేల ఒకేలా స్వాగతం పలకలేదు. 1912లో సాస్కచెవాన్ ప్రభుత్వం చైనీయుల వ్యాపారాల్లో తెల్లజాతి స్త్రీలు పనిచేయకూడదని చట్టం చేసింది. మూస్ జా పట్టణంలో రెస్టారెంట్ నడిపే క్వాంగ్ వింగ్ దాని కింద శిక్షపడి సుప్రీంకోర్టుకు వెళితే, 1914లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. 1920ల చివర్లో జాత్యహంకార సంస్థ కూ క్లక్స్ క్లాన్ సాస్కచెవాన్‌లో వేళ్లూనింది. దాని గురి ముఖ్యంగా క్యాథలిక్కుల మీద, ఫ్రెంచ్ మాట్లాడేవారి మీద. 1930లో ప్రభుత్వ బడుల్లో సన్యాసినులు తమ దుస్తుల్లో పాఠాలు చెప్పకుండా ఆపేశారు. అల్బర్టా రాష్ట్రంలో 1947 చట్టం హటరైట్ కాలనీ ఎన్ని ఎకరాలు కొనవచ్చో, ఒక కాలనీకి మరో కాలనీ ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించింది.

అందరికన్నా ముందు నుంచి ఈ నేల మీద ఉన్నవాళ్ల గతి అన్నిటికన్నా దారుణం. క్రీ, బ్లాక్‌ఫుట్ వంటి ఆదివాసీ జాతుల సూర్య నృత్యంలోని ముఖ్యమైన క్రతువులను కెనడా ప్రభుత్వం 1895లో ఇండియన్ చట్టాన్ని సవరించి నేరంగా మార్చింది. ఆ నిషేధం 1951 దాకా కొనసాగింది. యూరప్ నుంచి మతం కోసం పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయమిచ్చిన మైదానమే, ఆ మైదానాన్ని దైవంగా కొలిచినవాళ్లను జైలుకు పంపింది. ఈ చరిత్ర తెలియకుండా ప్రెయిరీలో మతస్వేచ్ఛ గురించి మాట్లాడటం అసంపూర్ణం. ఇప్పుడు సాస్కటూన్ శివార్లలోని వనుస్కెవిన్ పార్కులో చలికాలం అడవిదున్నలను ఫొటో తీసేవారు కనిపిస్తారు. ఆదివాసుల క్రతువుల దగ్గర మాత్రం చాలాచోట్ల కెమెరా పక్కన పెట్టమంటారు. ఆ మాటను మన్నించడం ఆ వృత్తిలో మర్యాద.

ఒకే చట్టం, రెండు వాగ్దానాలు

ఈ నేపథ్యంలోనే సాస్కచెవాన్ 1947 మే 1న తన హక్కుల చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు ఏడాదిన్నర ముందు, కెనడాలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. తెచ్చింది టామీ డగ్లస్ ప్రభుత్వం. డగ్లస్ రాజకీయాల్లోకి రాకముందు వేబర్న్ పట్టణంలో బాప్టిస్టు పాస్టర్.

ఈ చట్టంలో మనం ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. మనస్సాక్షికి, మతానికి, మాటకు స్వేచ్ఛ ఇచ్చిన చట్టమే, జాతినీ మతాన్నీ రంగునూ చూసి ఉద్యోగం ఇవ్వననడం, ఇల్లు అద్దెకివ్వననడం, హోటల్లో, థియేటర్లో చోటు లేదనడం నేరమంది. రెండు వాగ్దానాలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. రాసినవాళ్లకు వాటిలో వైరం కనిపించలేదు. కనిపించే వీలూ లేదు. ఎందుకంటే అప్పట్లో హోటల్ గుమ్మం దగ్గర ఆపేసినవాళ్లలో యూదులున్నారు, ఇతర మతాలవాళ్లున్నారు. దేవుణ్ని కొలుచుకునే హక్కు ఉండి, రాత్రి తలదాచుకునే గది దొరక్కపోతే ఆ హక్కుకు అర్థం లేదని వాళ్లకు తెలుసు. మైనస్ 30లో గది దొరకకపోవడం అవమానంతో ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం వచ్చాక కూడా, 1990 నవంబరులో సాస్కటూన్ శివార్లలో నీల్ స్టోన్‌చైల్డ్ అనే పదిహేడేళ్ల ఆదివాసీ కుర్రాడు గడ్డకట్టి చనిపోయి కనిపించాడు. చివరిసారిగా అతను పోలీసు కారులో ఉన్నాడని విచారణ కమిషన్ 2004లో తేల్చింది. చలిని ఆయుధంగా వాడగలిగిన చోట సమానత్వ చట్టం ఎందుకు అవసరమో ఈ ఒక్క మరణం చెబుతుంది.

అల్బర్టా కూడా 1972లో హక్కుల చట్టం, వివక్ష నిరోధక చట్టం రెండూ జంటగా చేసింది. ఆ మరుసటి ఏడాదే హటరైట్ల భూముల మీద ఆంక్షలు రద్దయ్యాయి. సమానత్వం గురించి చట్టం చేసుకున్నాక ఒక మతం మీద అలాంటి ఆంక్ష పెట్టుకుని ఉండటం ప్రభుత్వానికే కుదరలేదు. మతస్థులకు ఆనాడు నీడనిచ్చింది ఈ సమానత్వ భావనే.

కెనడాలో మతస్వేచ్ఛకు ఇప్పటి నిర్వచనం పుట్టింది కూడా ప్రెయిరీలోనే. 1982లో కాల్గరీలోని బిగ్ ఎమ్ డ్రగ్ మార్ట్ అనే దుకాణం ఆదివారం సరుకు అమ్మి, ప్రభువు దినం చట్టం కింద కేసులో ఇరుక్కుంది. 1985లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. తీర్పు రాసిన బ్రయన్ డిక్సన్ సాస్కచెవాన్‌లోని యార్క్‌టన్‌లో పుట్టినవాడు. నమ్మడానికీ, నమ్మినదాన్ని బాహాటంగా చెప్పి ఆచరించడానికీ హక్కుందని, ఎవరినీ మనస్సాక్షికి విరుద్ధంగా బలవంతపెట్టరాదని ఆయన తేల్చారు. ప్రజల భద్రత, ఆరోగ్యం, ఇతరుల ప్రాథమిక హక్కులు ఆ స్వేచ్ఛకు హద్దులని కూడా అదే తీర్పులో చెప్పారు.

ఫొటో వద్దన్నవాళ్లు

ఆ హద్దు ఎక్కడన్న ప్రశ్న పద్దెనిమిదేళ్ల తర్వాత ఓ చిన్న ఫొటో రూపంలో వచ్చింది.

దక్షిణ అల్బర్టాలోని విల్సన్ కాలనీ హటరైట్లు, కావాలని ఫొటో తీయించుకోవడం విగ్రహాలు చేసుకోవద్దన్న పది ఆజ్ఞల్లోని రెండో ఆజ్ఞకు విరుద్ధమని నమ్ముతారు. హటరైట్లందరి పట్టింపూ ఒకేలా ఉండదు. 1960ల్లో క్రిన్ టాకోనిస్, తర్వాత కాల్గరీకి చెందిన జార్జ్ వెబర్ వంటి ఫొటోగ్రాఫర్లను కొన్ని కాలనీలు లోపలికి రానిచ్చాయి. విల్సన్ కాలనీ మాత్రం కఠినంగా ఉంది. అల్బర్టాలో 1974 నుంచి డ్రైవింగ్ లైసెన్సు మీద ఫొటో ఉండేది. మతం కారణంగా వద్దన్నవాళ్లకు ఫొటో లేని లైసెన్సు ఇచ్చేవారు. 2003లో ఆ మినహాయింపు ఎత్తేశారు. ఒకే మనిషి దొంగ పేర్లతో రెండు లైసెన్సులు తీసుకోకుండా, లైసెన్సుదారులందరి ముఖాలనూ కంప్యూటర్‌లో పోల్చి చూస్తామన్నది ప్రభుత్వ కారణం. అప్పటికి ఫొటో లేని లైసెన్సులు 453. అందులో సగానికి కాస్త ఎక్కువ హటరైట్లవి. లైసెన్సే లేని అల్బర్టా వాసులు ఏడు లక్షల మందికి పైగా ఉన్నారు.

రాజీకి రెండు పక్షాలూ ప్రయత్నించాయి. ఫొటో తీసుకుని డేటాబేసులోనే ఉంచుతాం, లేదా లైసెన్సును కవరులో మూసి ఇస్తాం, మీ కంటపడదు అంది ప్రభుత్వం. ఫొటో తీయడమే తప్పు, దాచినా తప్పే, మా లైసెన్సు గుర్తింపు కార్డుగా చెల్లదని దాని మీదే రాయండి అంది కాలనీ. కుదరలేదు. అల్బర్టాలోని రెండు కోర్టులూ కాలనీ వైపే తీర్పిచ్చాయి. 2009 జులై 24న సుప్రీంకోర్టు 4-3 తేడాతో ప్రభుత్వాన్ని గెలిపించింది. ఫొటో వద్దనుకుంటే అద్దెకు డ్రైవర్లను పెట్టుకోవచ్చు, ఆ ఖర్చు మతాచరణను అసాధ్యం చేసేంత కాదని ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ రాశారు. జస్టిస్ రోజలీ అబెల్లా ఒప్పుకోలేదు. లక్షల మంది ముఖాలు లేని డేటాబేసుకు కొద్దిమంది ఫొటోలు కలిపితే వచ్చే భద్రత స్వల్పం, తమ పనులన్నీ తామే చేసుకుని బతికే సమాజానికి జరిగే హాని తీవ్రం అన్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో నిర్వాసితుల శిబిరంలో పుట్టిన యూదు మహిళ ఆమె.

నా దృష్టిలో ఆమె మాటే సరైనది. హటరైట్లు ఎవరికీ ఏమీ నిరాకరించలేదు. ఎవరి హక్కునూ అడ్డుకోలేదు. బండిలో జబ్బుపడ్డవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ట్రాక్టరు విడిభాగాల కోసం పట్టణానికి వెళ్లాలి, కోళ్లూ కూరగాయలూ అమ్ముకోవాలి. అందుకోసం ముప్పై ఏళ్లుగా ఉన్న మినహాయింపును కొనసాగించమన్నారు. అలాంటి నమ్మకానికి చోటివ్వడం వల్ల నష్టపోయే మూడో మనిషి కనిపించనప్పుడు, ప్రభుత్వం చేయి చాచాలి.

ఫొటో తీయనన్నవాళ్లు

ఇక రెండో రకం కేసు. 2006లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఓ మహిళ, మరో మహిళతో తన జీవితబంధానికి జరిగే వేడుకను ఫొటోలు తీస్తారా అని ఎలేన్ ఫొటోగ్రఫీ అనే స్టూడియోను అడిగింది. తమ మత విశ్వాసం ఒప్పుకోదని స్టూడియో కాదంది. రాష్ట్ర వివక్ష నిరోధక చట్టం కింద కేసు నడిచింది. ఫొటోగ్రఫీ కళ, కళాకారుడి చేత బలవంతంగా పలికించకూడదు అన్నది స్టూడియో వాదన. 2013 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదన తోసిపుచ్చింది. జనానికి తలుపు తెరిచిన దుకాణం ఎవరికి సేవ చేయాలో ఏరుకోకూడదంది. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు.

ఆ తర్వాత గాలి మళ్లింది. మిన్నెసోటాలోని సెయింట్ క్లౌడ్‌లో పెళ్లి వీడియోలు తీసే సంస్థ తమకు నచ్చని పెళ్లిళ్లకు తీయబోమంటూ వేసిన దావాలో 2019లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సంస్థ వైపు మొగ్గింది. 2023 జూన్ 30న, స్వలింగ పెళ్లిళ్లకు సైట్లు చేయనన్న కొలరాడో వెబ్‌సైట్ డిజైనర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో, వ్యక్తీకరణ ఉన్న పనిని చట్టం బలవంతంగా చేయించలేదని తీర్పునిచ్చింది. తీర్పుకు ఆధారం భావప్రకటన స్వేచ్ఛ. ప్రజలకు తెరిచిన వ్యాపారానికి ఒక వర్గాన్ని కాదనే హక్కు ఇచ్చినట్టయిందని జస్టిస్ సోనియా సోటోమేయర్ తన అసమ్మతిలో తీవ్రంగా స్పందించారు.

ప్రెయిరీ రాష్ట్రం నార్త్ డకోటా అనుభవం వేరు. 2012 జూన్‌లో మతస్వేచ్ఛకు అదనపు రక్షణనిచ్చే రాజ్యాంగ సవరణను అక్కడి ఓటర్లు భారీ తేడాతో ఓడించారు. 2015లో స్వలింగ సంపర్కులను వివక్ష నిరోధక చట్టంలో చేర్చే బిల్లును శాసనసభ ఓడించింది. రెండు వాగ్దానాల్లో ఒక్కటీ ముందుకు కదల్లేదు.

కెనడా ప్రెయిరీలో ఈ చర్చ ప్రభుత్వ కౌంటరు దగ్గర జరిగింది. 2005లో రెజీనాలో ఓ వివాహ కమిషనర్ తన మతం ఒప్పుకోదంటూ ఇద్దరు పురుషుల పెళ్లి జరిపించనన్నాడు. మానవ హక్కుల ట్రైబ్యునల్ అతన్ని పరిహారం చెల్లించమంది. కమిషనర్లకు మినహాయింపునిచ్చే చట్టం చేయొచ్చా అని ప్రభుత్వం అడిగితే, 2011లో సాస్కచెవాన్ అప్పీళ్ల కోర్టులోని ఐదుగురు న్యాయమూర్తులూ కుదరదన్నారు. ప్రభుత్వ సేవకుడు ప్రజలను ఏరుకోకూడదు. అయితే దరఖాస్తులన్నీ ఒకే కార్యాలయానికి వచ్చి, అక్కడి నుంచి అభ్యంతరం లేని కమిషనర్‌కు వెళ్లే ఏర్పాటు ఉంటే సంగతి వేరుగా ఉండొచ్చని ఆ తీర్పే ఓ దారి చూపింది. అప్పుడు జంటకు అవమానం ఎదురుకాదు, కమిషనర్‌కు మనస్సాక్షి నలగదు. చర్చిల్లో పాస్టర్లను ఎవరూ బలవంతపెట్టలేరని కెనడా సుప్రీంకోర్టు 2004లోనే స్పష్టం చేసింది.

అల్బర్టా కథ మరింత బాధాకరం. ఎడ్మంటన్‌లోని ఓ క్రైస్తవ కళాశాలలో ల్యాబ్ సమన్వయకర్తగా పనిచేసిన డెల్విన్ వ్రీండ్‌ను స్వలింగ సంపర్కుడని 1991లో ఉద్యోగంలోంచి తీసేశారు. రాష్ట్ర వివక్ష నిరోధక చట్టంలో ఆ కారణం లేదంటూ కమిషన్ ఫిర్యాదు తీసుకోలేదు. 1998లో సుప్రీంకోర్టు ఆ లోపాన్ని పూరించి, లైంగిక ధోరణినీ చట్టంలో చదువుకోవాలంది. కళాశాలకు మతపరంగా ఏ వాదన ఉండొచ్చన్న ప్రశ్న జోలికి పోలేదు. ఫిర్యాదు చేసే తలుపు మాత్రం అతనికి తెరిచి ఉండాలంది.

మనిషినా, మాటనా?

ఈ కేసులన్నీ చదివాక నాకు తోచిన కొలమానం టొరంటో ప్రింటర్ కేసులో ఉంది. ఆ ప్రింటర్ స్వలింగ సంపర్కుల చరిత్ర పత్రాలు భద్రపరిచే సంస్థకు లెటర్‌హెడ్‌లు, విజిటింగ్ కార్డులు అచ్చువేయనన్నాడు. ట్రైబ్యునల్ తప్పుపట్టింది. 2002లో ఒంటారియో కోర్టు ఆ తీర్పును నిలబెడుతూనే ఒక సవరణ చేసింది. మామూలు అచ్చుపని అందరికీ చేయాల్సిందే. అతని విశ్వాసం మూలాన్నే దెబ్బతీసే మాటలను అచ్చువేయమని మాత్రం బలవంతపెట్టకూడదు.

అంటే మనిషిని కాదనడం వేరు, ఒక మాట పలకననడం వేరు. ఫొటో స్టూడియోకు ఈ గీటు ఎక్కడ పడుతుంది? పాస్‌పోర్టు ఫొటో, ఫ్యామిలీ ఫొటో, పెళ్లి ఫొటో అందరికీ తీసేవాడు, ఎదుట నిలబడ్డ జంట ఎవరన్నది చూసి కాదంటే అది మనిషిని కాదనడమే. అక్కడ నేను చట్టం వైపు. ఒక మతాన్ని కించపరిచే పోస్టరు డిజైన్ చేయమంటే ఏ ఫొటోగ్రాఫరైనా తిరస్కరించవచ్చు. అది మాట. ఇక తన కోసం తాను తెల్లవారుజామున కారేసుకుని వెళ్లి ఏ గుమ్మటాన్ని తీయాలి, ఏ పొలాన్ని వదిలేయాలన్నది పూర్తిగా అతనిది. ఏ చట్టానికీ అక్కడ పని లేదు.

పెళ్లి ఫొటో కళ కాదా అని అడుగుతారు. కళే. కానీ ధర కట్టి, బోర్డు పెట్టి, ఊరందరికీ అమ్ముతున్న కళ. నూరు కిలోమీటర్లకు ఒక స్టూడియో ఉండే చిన్న పట్టణంలో ఆ ఒక్క స్టూడియో కాదంటే ఇంకో దారి ఉండదు. నగరంలో పది దుకాణాలున్నా, మొదటి గుమ్మంలో ఎదురైన అవమానం తుడిచేసేది కాదు.

ఇది మనకు తెలియని అవమానం కాదు. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో ఎన్నేళ్లు నడిచిందో తెలుసు. అప్పుడు కూడా ఆచారం పేరే చెప్పారు. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర మతం, కులం చూసి ఎవరినీ ఆపకూడదని మన రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. 25వ అధికరణంలో మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చుకున్నాం. అద్దె ఇల్లు అడిగితే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంది.

సాస్కటూన్, రెజీనా, కాల్గరీ, ఎడ్మంటన్, విన్నిపెగ్‌లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలున్నాయి. మంచు పడుతుండగా హాలు అద్దెకు తీసుకుని సంక్రాంతి చేసుకుంటారు. ఆ హాలు దొరకడం వెనక, పేరు చూసి ఇల్లు లేదనకపోవడం వెనక 1947 నాటి చట్టం వారసత్వం ఉంది. 1990లో సిక్కు అధికారి బల్‌తేజ్ సింగ్ ఢిల్లాన్ తలపాగాతోనే కెనడా మౌంటెడ్ పోలీసు దళంలో చేరేందుకు అనుమతి సాధించాడు. అందుకు వ్యతిరేకంగా లక్షకు పైగా సంతకాలు సేకరించారు. అల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్ మాజీ పోలీసు అధికారులు కోర్టుకెళ్లి ఓడిపోయారు. తలపాగాకు దొరికిన ఆ రక్షణే పరదేశంలో మన బొట్టుకూ, మన గుడికీ అండ.

అందుకే అక్కడి మనవాళ్లు ఈ చర్చలో ప్రేక్షకులు కారు. వివాదం ఇంకా సద్దుమణగలేదు. బడుల్లో పదహారేళ్లలోపు పిల్లలు పిలుపు పేరు, సర్వనామం మార్చుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటూ సాస్కచెవాన్ 2023లో చట్టం చేసింది. కెనడా రాజ్యాంగంలోని హక్కులపత్రాన్ని పక్కనపెట్టే ప్రత్యేక అధికారాన్ని అందుకు వాడింది. తమ విలువలకు మేలు జరిగిందని కొందరు మతస్థులు సంతోషించారు. వాళ్లు క్వాంగ్ వింగ్‌నూ, సూర్య నృత్యంపై నిషేధాన్నీ గుర్తుచేసుకోవాలి. మెజారిటీ చేతిలో అంతటి అధికారం పెడితే, రేపు అది ఎవరి గుమ్మం మీదికి వస్తుందో చెప్పలేం.

మతం పేరుతో ఒకరికి సేవ నిరాకరించే హక్కు కోరేవాళ్లు, అంతకుముందు ఆ నేల మీద ఎవరెవరికి హోటల్ గది దొరకలేదో చదవాలి. సమానత్వం పేరుతో మినహాయింపులన్నీ ఎత్తేయాలనేవాళ్లు, విల్సన్ కాలనీ తీర్పులో జస్టిస్ అబెల్లా రాసిన అసమ్మతి చదవాలి. ప్రతి కేసులోనూ అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ నమ్మకానికి చోటిస్తే నష్టపోయే మనిషి ఎవరు? చోటివ్వకపోతే నలిగిపోయే మనిషి ఎవరు? ఆ ఇద్దరినీ ముఖాముఖి చూసి తేల్చిన తీర్పులే నిలుస్తాయి. మాజీ పాస్టర్ టామీ డగ్లస్ ప్రభుత్వం ఆ రెండు హక్కులనూ ఒకే చట్టంలో పెట్టింది. వాటిని విడదీసి ఒకదాన్ని గెలిపించబోతే రెండోదీ చేజారుతుంది.